కూలర్ హోరులో పాట: ఇంట్లో వినడానికి మొదటి మంచి హెడ్‌ఫోన్ ఎంచుకునే పద్ధతి

పోయిన వేసవిలో హుజూరాబాద్ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. “అన్నా, పదివేలు జమ చేసిన. ఇంట్ల కూసొని పాటలు వినేటందుకు మంచి హెడ్‌ఫోన్ పేరు ఒక్కటి చెప్పు, ఇప్పుడే ఆర్డర్ పెడ్త” అన్నాడు. పేరు చెప్పడం నిమిషం పని. నేను మాత్రం “మీ ఇంట్ల కూలర్ ఏ దిక్కున్నది?” అని అడిగాను. వాడు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నాకు తట్టడానికి పద్నాలుగు వేలు ఖర్చయింది.

నా మొదటి హెడ్‌ఫోన్ సంగతి చెబుతాను. ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకుంటున్నారని వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్, ఎక్కువ వోల్టేజీ కోరే 250 ఓమ్‌ల రకం తెప్పించాను. హన్మకొండలో ఏప్రిల్ ఎండ. పార్సిల్ విప్పి, ఫోన్‌కు గుచ్చి, వాల్యూమ్ చివరిదాకా పెంచాను. పాట ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టుంది. మూడడుగుల దూరంలో కూలర్ హోరు, దాని అడుగున నీళ్ల మోటారు గురగుర. డప్పు లేదు, మృదంగం లేదు, గొంతొక్కటే సన్నగా వస్తోంది. మోసపోయాననుకొని నాలుగు రోజులు ఆ డబ్బా వైపు చూడలేదు. ఐదో రోజు రాత్రి పదకొండింటికి మళ్లీ పెట్టుకున్నాను. పాట మధ్యలో కరెంటు పోయింది. కూలర్ ఆగింది, ఫ్యాన్ ఆగింది, ఫోన్ బ్యాటరీ మీద పాట నడుస్తూనే ఉంది. ఒక్కసారిగా గాయకుడు ఊపిరి తీసుకోవడం వినిపించింది. వీణ తీగ మీద వేలు జారడం వినిపించింది. నేను కదలకుండా వింటుంటే పక్క మంచం మీంచి అమ్మ అంది: “గా పాట బంద్ చెయ్‌రా, నిద్ర పడ్తలేదు.”

ఆ హెడ్‌ఫోన్‌లో ఏ లోపమూ లేదు. ఆ గదికి, ఆ ఫోన్‌కు, ఆ మంచానికి అది కుదరలేదంతే. అందుకే ఇక్కడ చెప్పే వరసలో ముందు ఇల్లు, తర్వాత ఫోను, ఆ తర్వాత తల. కంపెనీ పేరు అన్నిటికన్నా చివర.

మొదటి మెట్టు: ఇంటిని వినండి

మీరు పాటలు వినే చోట, వినే వేళకు, చెవులకు ఏమీ పెట్టుకోకుండా పది నిమిషాలు కూర్చోండి. వినిపించిన ప్రతి శబ్దాన్నీ కాగితం మీద రాసుకోండి. తమాషాగా అనిపించొచ్చు గానీ, ఈ కాగితం మీకు ఏ రివ్యూ కంటే ఎక్కువ చెబుతుంది. నా కాగితం మీద ఇవున్నాయి: కూలర్, ఫ్యాన్, వంటింట్లో కుక్కర్ విజిల్, హాల్లో టీవీ సీరియల్, కాజీపేట వైపు నుంచి రైలు కూత, పక్కింటి బోరు మోటారు.

వీటిని మూడు రకాలుగా విడదీయండి. ఎడతెగకుండా వచ్చే హోరు ఒకటి: కూలర్, ఫ్యాన్, మోటారు. ఉన్నట్టుండి వచ్చి పోయేవి రెండోది: విజిల్, హారన్, రైలు. మూడోది మనుషుల మాటలు. వీటిలో పాటను ఎక్కువ మింగేది మొదటి రకమే. హోరు మంద్ర స్వరాలను కప్పేస్తుంది. మృదంగం ఎడమ వైపు గుంకారం, తంబురా, బేస్ గిటార్ అన్నీ దాని కింద మునిగిపోతాయి. మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. దాంతో పాట బాగుపడదు, చెవి మాత్రం దెబ్బతింటుంది.

కాగితం వెనకవైపు ఇంకో రెండు విషయాలు రాయండి. మీ పక్కన ఎవరు పడుకుంటారు, లేదా ఎవరు చదువుకుంటారు? మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే మీకు వినపడాల్సిన అవసరం ఉందా? ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. మా అమ్మ మూడుసార్లు పిలిచి, నాలుగోసారి చెంచా విసిరిన సందర్భం ఉంది.

రెండో మెట్టు: మూసినదా, తెరిచినదా

ఇంట్లో వినే హెడ్‌ఫోన్‌లు ప్రధానంగా రెండు రకాలు. చెవిని కప్పే గిన్నె వెనకభాగం పూర్తిగా మూసి ఉంటే క్లోజ్డ్ బ్యాక్. జాలీలా రంధ్రాలుండి గాలి ఆడితే ఓపెన్ బ్యాక్. రెండూ చెవిని మొత్తం కప్పే రకంలోనే చూడండి. చెవి మీద నొక్కుకొని కూర్చునే చిన్నవి గంటసేపు పెట్టుకుంటే నొప్పి పెడతాయి.

ఓపెన్ బ్యాక్‌ను జనంలోకి తెచ్చింది సెన్‌హైజర్ 1968లో విడుదల చేసిన హెచ్‌డీ 414. వెనక గోడ లేదు కాబట్టి ధ్వని గిన్నెలోనే తిరిగి తిరిగి కొట్టుకోదు. పాట తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా, చుట్టూ కాస్త జాగా ఉన్నట్టు అనిపిస్తుంది. చెవులకు గాలి తగులుతుంది, మన ఎండల్లో అదీ చిన్న లాభం కాదు. అయితే ఆ జాలీ రెండు వైపులా తెరిచే ఉంటుంది. కూలర్ లోపలికొస్తుంది, మీ పాట బయటికి పోతుంది. పక్క మంచం వాళ్లకు అది సన్నగా చిర్రుచిర్రుమని వినిపిస్తూనే ఉంటుంది.

క్లోజ్డ్ బ్యాక్ బయటి శబ్దాన్ని కొంత ఆపుతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో విషయంలో కంపెనీ చెప్పే లెక్క సుమారు 18 డీబీ (డెసిబెల్, చప్పుడును కొలిచే లెక్క). మాటలు, విజిళ్లు, టీవీ బాగా తగ్గుతాయి. బాగా మంద్రంగా ఉండే హోరు అంతగా తగ్గదు, మూత ఒక్కటే దానికి చాలదు. అయినా ఓపెన్‌తో పోలిస్తే ఎంతో నయం.

నా తీర్పు ఇది. మార్చి నుంచి జూన్ దాకా కూలర్ లేకుండా కూర్చోలేని ఇల్లయితే, గదిలో మీతోపాటు ఇంకెవరైనా పడుకుంటే, మొదటిది క్లోజ్డ్ బ్యాకే కొనండి. మేడ మీద విడి గది ఉంది, రాత్రి తలుపు వేసుకుంటే ఫ్యాన్ తప్ప ఏ చప్పుడూ లేదంటే ఓపెన్ బ్యాక్ కొనండి, అంతకు మించిన సుఖం లేదు. వరంగల్, కరీంనగర్ లాంటి ఊళ్లలో రెండో రకం గది ఉన్నవాళ్లు ఎందరున్నారో మీకే తెలుసు. ఇంటర్నెట్‌లో సలహాలిచ్చేవాళ్లలో చాలామంది చలిదేశాల్లో, కిటికీలు బిగించిన గదుల్లో కూర్చొని ఓపెన్ బ్యాక్ కొనమంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు, వాళ్ల గదిలో కూలర్ లేదు.

మూడో మెట్టు: వైరా, బ్లూటూతా

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. ఇంట్లో ఒకచోట కూర్చొని వినడానికైతే వైరే మేలు. ఒకే ధరలో వైర్ ఉన్నదాంట్లో మీ డబ్బు ధ్వనిని పుట్టించే డ్రైవర్‌కు, గిన్నెకు పోతుంది. బ్లూటూత్‌లో బ్యాటరీకి, చిప్‌కు, మైకుకు కూడా పంచుకోవాలి. పైగా బ్యాటరీకి ఆయుష్షు ఉంటుంది. వైర్ హెడ్‌ఫోన్‌కు ప్యాడ్లు, కేబుల్ మారుస్తూ పోతే ఏళ్ల తరబడి నడుస్తుంది. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇప్పటికీ కొత్తగా అమ్ముడవుతోంది. సోనీ ఎండీఆర్-7506 అయితే 1991 నాటిది, స్టూడియోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

బ్లూటూత్ తరఫున న్యాయంగా ఒక మాట చెప్పాలి. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి కూలర్ లాంటి ఎడతెగని మంద్ర హోరును బాగా అణుస్తాయి, మామూలు మూతకు లొంగనిది సరిగ్గా ఆ హోరే. మాటలను, విజిల్‌ను అంతగా ఆపలేవు. కూలర్ పక్కనే మంచం, వేరే దారే లేదు అనుకునేవాళ్లు అటు చూడొచ్చు. ఈ వ్యాసం వైర్ మనుషుల కోసం.

నాలుగో మెట్టు: మీ ఫోన్ ఎంత లాగగలదు

నేను దెబ్బతిన్న రెండో చోటు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. డబ్బా మీద రెండు అంకెలు వెతకండి. ఒకటి ఇంపీడెన్స్, ఓమ్‌లలో ఉంటుంది. రెండోది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందనేది, డీబీలో ఉంటుంది. 5 నుంచి 40,000 హెర్ట్జ్ అని గొప్పగా రాసే మూడో అంకెను వదిలేయండి. మనిషి చెవి వినేది 20 నుంచి 20,000 దాకానే, వయసు పెరిగేకొద్దీ పై కొస ఇంకా తగ్గుతుంది. ఆ అంకెను బట్టి హెడ్‌ఫోన్ మంచిచెడ్డలు తేలవు.

ఇంపీడెన్స్ అంటే కరెంటుకు అడ్డు. ఓమ్‌లు ఎక్కువైతే అదే చప్పుడుకు ఎక్కువ వోల్టేజీ కావాలి. ఫోన్ టైప్-సీ రంధ్రానికి హెడ్‌ఫోన్ వైర్‌ను కలిపే చిన్న అడాప్టర్‌ను డాంగిల్ అంటారు. మంచి డాంగిల్ సుమారు 1 వోల్టు ఇస్తుందనుకుందాం. డీటీ 770 ప్రో 80 ఓమ్‌లది, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 96 డీబీ. 1 వోల్టు దగ్గర దానికి అందేది 12.5 మిల్లీవాట్లు, అంటే గరిష్ఠంగా 107 డీబీ దాకా పోగలదు. అదే హెడ్‌ఫోన్‌లో 250 ఓమ్‌ల రకం తీసుకుంటే అందేది 4 మిల్లీవాట్లే, 102 డీబీ దగ్గర ఆగుతుంది. డాంగిల్ అర వోల్టే ఇస్తే ఇంకో 6 డీబీ పోతుంది.

102 అంటే చాలా ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ అది పాటలో అన్నిటికన్నా పెద్ద దెబ్బ పడిన క్షణానికి ఉన్న హద్దు. మామూలు గొంతు దానికి ఎంతో దిగువన ఉంటుంది. ఈనాటి సినిమా పాటలు మొదటి నుంచి చివరిదాకా ఒకే మోతలో ఉంటాయి కాబట్టి నెట్టుకొస్తాయి. కచేరీ రికార్డింగులో ఆలాపన మెల్లగా మొదలవుతుంది, అక్కడ వాల్యూమ్ చాలదు. నా పాత ఫోన్‌తో, కూలర్ ముందు జరిగింది ఇదే.

కాబట్టి విడిగా ఆంప్లిఫైయర్ కొనే ఆలోచన లేకపోతే 32 నుంచి 80 ఓమ్‌ల మధ్యే ఉండండి. ఓమ్‌లు తక్కువున్నంత మాత్రాన తేలిగ్గా మోగుతుందనీ అనుకోవద్దు. పల్చటి చదునైన పొరతో మోగే ప్లేనార్ రకం హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈకి 32 ఓమ్‌లే, కానీ సెన్సిటివిటీ 91 డీబీ. దానికి ఫోన్ చాలదు, మంచి ఆంప్ కావాలి. రెండు అంకెలనూ కలిపే చూడాలి.

డాంగిల్ విషయంలో ఒక జాగ్రత్త. బస్టాండ్ పక్క షాపుల్లో దొరికే వంద రూపాయల అడాప్టర్లలో కొన్నిటికి లోపల చిప్పే ఉండదు, కొన్ని ఫోన్లకే పనిచేస్తాయి. లోపల డీఏసీ, అంటే డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే కరెంటుగా మార్చే చిప్, ఉన్నదే కావాలని అడగండి. ఆపిల్ వాళ్ల టైప్-సీ అడాప్టర్ ల్యాప్‌టాప్‌కు, కొత్త ఐఫోన్‌కు చక్కగా నప్పుతుంది గానీ, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ సగం దగ్గరే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌కు గుచ్చినప్పుడు సన్నగా గుయ్‌మంటుంటే ఒకసారి చార్జర్ పీకి చూడండి. మోత ఆగిందంటే తప్పు మీ ఇంటి ఎర్తింగ్‌లోనో చార్జర్‌లోనో ఉంది, హెడ్‌ఫోన్‌లో కాదు.

ఐదో మెట్టు: తల, చెవి, కళ్లజోడు, నూనె

ధ్వని గురించి వెయ్యి పేజీలు రాసేవాళ్లు బరువు గురించి ఒక్క వాక్యం రాస్తారు. నిజానికి రెండు నెలల తర్వాత హెడ్‌ఫోన్ అటక ఎక్కిందంటే చాలాసార్లు కారణం బరువో బిగుతో అయి ఉంటుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ సుమారు 240 గ్రాములు, ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 285, ఇందాక చెప్పిన హైఫైమాన్ 390. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. అరగంట తల మీద ఉంటే నడినెత్తి చెబుతుంది.

కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని పెట్టుకొనే చూడాలి. జోడు కాడ దగ్గర ప్యాడ్‌కు, చెంపకు మధ్య సందు పడితే, ముఖ్యంగా క్లోజ్డ్ బ్యాక్‌లో, బేస్ అక్కడి నుంచి కారిపోతుంది. కాడను వేలితో కాస్త ఎత్తి చూడండి. ధ్వని ఒక్కసారిగా నిండుగా మారిందంటే ఆ ప్యాడ్ మీ ముఖానికి కుదరనట్టే. మెత్తటి ముఖమల్ ప్యాడ్లు ఈ విషయంలో తోలు రకం కంటే ఉదారంగా ఉంటాయి. కమ్మలు, బుట్టలు పెట్టుకునే ఆడవాళ్లు గిన్నె లోతు చూసుకోవాలి. లోపల చెవి దేనికీ తగలకూడదు.

ఇక నూనె. పొద్దున తలకు కొబ్బరినూనె రాసుకొని, మధ్యాహ్నం హెడ్‌ఫోన్ తగిలిస్తే చెమట, నూనె కలిసి ప్యాడ్‌కు పడతాయి. రెక్సిన్ లాంటి కృత్రిమ తోలు ప్యాడ్లు మన వేడికి, ఆ నూనెకు ఏడాది రెండేళ్లలో పొలుసులు పొలుసులుగా రాలుతాయి. మెడ మీద నల్లటి తునకలు చూసి చర్మవ్యాధి అనుకొని కంగారుపడ్డ మనిషిని నేనెరుగుదును, నేనే. అందుకే కొనేముందు రెండు సంగతులు కనుక్కోండి: ఆ మోడల్‌కు ప్యాడ్లు విడిగా దొరుకుతాయా? కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చా? రెండింటికీ అవునంటే సగం పరీక్ష పాసైనట్టే.

ఆరో మెట్టు: డబ్బు లెక్క

ధరలు వారం వారం మారతాయి కాబట్టి ఇవన్నీ సుమారు లెక్కలే. ఐదారు వేల దగ్గర నిజమైన మంచి ధ్వని మొదలవుతుంది. ఓపెన్ బ్యాక్‌లో ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500, క్లోజ్డ్‌లో ఆడియో టెక్నికా చిన్న మోడళ్లు ఈ అంచులో తిరుగుతుంటాయి. పదివేల చుట్టూ ఆడియో టెక్నికా ఎం40ఎక్స్, సోనీ 7506 వస్తాయి. పదిహేను వేల చుట్టుపక్కల డీటీ 770 ప్రో, ఎం50ఎక్స్, హెచ్‌డీ 560ఎస్. హెచ్‌డీ 600 పాతిక వేల పైమాటే, 300 ఓమ్‌లు కాబట్టి ఆంప్ ఖర్చు కూడా కలుపుకోవాలి.

మొదటిసారి కొనేవాళ్లకు పదిహేను వేలు దాటొద్దనే చెబుతాను. అప్పటికి మీకేం ఇష్టమో మీకే తెలియదు. డాంగిల్‌కు వెయ్యి, రెండు వేలు పక్కన పెట్టుకోండి. ఖరీదైన కేబుళ్ల జోలికి మాత్రం పోకండి. వెండి కేబుల్ వేస్తే గొంతు తియ్యగా మారుతుందని ఎవరైనా అంటే, ఆ డబ్బుతో ఇంకో జత ప్యాడ్లు కొని దాచుకోండి. ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. బిల్లు లేకుండా ఆ మేరకు తగ్గిస్తానని ఎవరన్నా ఆశ చూపితే, తగ్గేది వారంటీ కూడా అని గుర్తుంచుకోండి.

ఏడో మెట్టు: విని చూడటం

మన ఊళ్లలో ఉన్న చిక్కు ఇక్కడే. హన్మకొండ చౌరస్తాలో, స్టేషన్ రోడ్డులో మొబైల్ షాపులకు కొదవ లేదు. అడిగితే నెక్‌బ్యాండో, లైట్లు వెలిగే గేమింగ్ హెడ్‌సెట్టో చేతిలో పెట్టి “బేస్ మస్తుంటది అన్నా, తీస్కపో” అంటారు. స్టూడియో రకాలు డెమోకు ఉండటం అరుదు.

దానికి ఒక అడ్డదారి ఉంది. మన దగ్గర జానపద పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోలు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాళ్లు చాలామందే. వాళ్ల మెడలో వేలాడేవి తరచూ ఈ మోడళ్లే అయి ఉంటాయి. తెలిసిన వాళ్లుంటే పని లేని వేళ చూసి, “తమ్మీ, ఒక పది నిమిషాలు వింట” అనండి. ఎవరూ కాదనరు, చాయ్ తాగించే పంపుతారు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు. పెద్ద ఖర్చు పెడుతున్నప్పుడు, డెమో ఉందని ముందే ఫోన్లో ఖాయం చేసుకొని, అక్కడి షోరూంకు వెళ్లి వినిరావడంలో నష్టం లేదు.

వినేటప్పుడు మీ పాటలే మీ ఫోన్లో తీసుకెళ్లండి. షాపువాడు పెట్టే పాట ఏ డబ్బాలోనైనా బాగానే వినిపించేలా ఎంచుకున్నది. నా సంచిలో నాలుగుంటాయి.

మొదటిది ఘంటసాల పాట, ఏదైనా సరే. 1950, 60ల నాటి మన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో. కుడి, ఎడమ రెండింటిలోనూ ఒకటే ధ్వని. కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకొని చూడండి. ఒరుగు కూడా అటు తిరిగితే హెడ్‌ఫోన్‌లో రెండు వైపులా సమానంగా లేనట్టు. తిరగకపోతే మీ చెవి దగ్గర ప్యాడ్ సరిగా అతకలేదు, లేదా మీ చెవుల్లోనే తేడా ఉంది. ఒక్క రూపాయి ఖర్చులేని ఈ పరీక్షకు మించింది నాకు కనిపించలేదు.

రెండోది మన వరంగల్ మట్టెవాడ నేరెళ్ల వేణుమాధవ్ ధ్వన్యనుకరణ, అదే మిమిక్రీ. హెడ్‌ఫోన్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం మధ్యస్థాయి, మనిషి గొంతు ఉండే చోటు. ఆయన ఒక్క గొంతులో పదిమందిని పలికిస్తుంటే, మంచి హెడ్‌ఫోన్‌లో పదిమందీ విడివిడిగా నిలబడతారు, అందరి వెనకా ఊపిరి మాత్రం ఒక్కరిదే వినిపిస్తుంది. మసకగా ఉన్నదాంట్లో అందరూ జలుబు చేసినట్టు ఒకే రకంగా మాట్లాడతారు.

మూడోది డప్పు. సెగ చూపి బిగించిన డప్పు మీద రెండు పుల్లలు ఆడతాయి, లావుపాటి సిర్ర, సన్నటి సిటికెన పుల్ల. ఆ రెండు దెబ్బలూ వేరువేరుగా పడాలి. సిర్ర దెబ్బ గుమ్మని పడి అక్కడికక్కడే ఆగాలి. బేస్ ఉబ్బించిన హెడ్‌ఫోన్‌లో ఆ గుమ్ము సాగిపోయి సిటికెన పుల్లను మింగేస్తుంది. షాపువాడు మెచ్చుకునే మస్తు బేస్ అంటే చాలాసార్లు ఇదే. నాలుగోది 1980ల ఇళయరాజా పాట. బేస్ గిటార్ గొంతు వెంట కాకుండా తన దారిన తాను నడుస్తుంటుంది. ఆ నడకను మొదటి నుంచి చివరిదాకా వేలు పట్టుకొని అనుసరించగలిగితే చాలు.

రెండింటిని పోల్చేటప్పుడు చప్పుడు సమానంగా పెట్టుకోండి. కొంచెం గట్టిగా మోగేదే మనకు మంచిదిగా తోస్తుంది, అందరి చెవీ చేసే మోసమే ఇది. మొదటి రెండు నిమిషాల్లో మెరిసిపోయే హెడ్‌ఫోన్‌ను ఇరవయ్యో నిమిషం దాకా తీయకండి. స, ష అక్షరాలు సూదుల్లా గుచ్చుతున్నాయంటే అది రోజూ వినే వస్తువు కాదు.

ఎనిమిదో మెట్టు: కొనడం

వినే వీలు దొరక్కపోతే, వాపసు తీసుకునే దుకాణంలోనే కొనండి. ఆన్‌లైన్‌లో చాలాచోట్ల ఈ సరుకుకు మార్పిడే తప్ప డబ్బు వాపసు ఉండదు, ఆ గీత చదివాకే నొక్కండి. పేరున్న మోడళ్లకు నకిలీలు బాగా తిరుగుతున్నాయి. మిగతా అందరికంటే సగం ధర కనిపిస్తే అనుమానించండి. అమ్మేవారి పేరు చూడండి, పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి, సీరియల్ నంబర్ డబ్బా మీద, హెడ్‌ఫోన్ మీద ఒకటేనా అని పోల్చండి. వారంటీ ఇచ్చేది మన దేశంలోని అధికారిక దిగుమతిదారా, లేక అమ్మిన షాపా అనేది బిల్లు మీదే రాయించుకోండి.

తొమ్మిదో మెట్టు: మొదటి నెల

వంద గంటలు మోగిస్తే గానీ హెడ్‌ఫోన్ విప్పారదని చాలామంది చెబుతారు. నా అనుభవంలో విప్పారేది ఎక్కువగా మన చెవే. ప్యాడ్లు మెత్తబడి ముఖానికి అతుక్కుంటాయి, కొత్త ధ్వనికి మనం అలవాటుపడతాం. బిగుతు మరీ ఎక్కువైతే తల వెడల్పు ఉన్న పుస్తకాల కట్టకు తొడిగి రాత్రంతా వదిలేయండి. రెండు మూడు రాత్రులకు సర్దుకుంటుంది. ఇనుప పట్టీని చేత్తో వంచొద్దు.

నెల తర్వాత కూడా ఏదో ఎక్కువతక్కువ అనిపిస్తే ఇంకొకటి కొనేముందు, మంద్ర, హెచ్చు స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ వాడండి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్‌లో హెడ్‌ఫోన్ మోడల్ పేరు ఎంచుకుంటే దానికి తగిన సవరణ అదే వేస్తుంది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. నచ్చకపోతే ఒక్క నొక్కుతో తీసేయొచ్చు.

వాల్యూమ్ సంగతి ఒక లెక్కగా పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 80 డీబీలో 40 గంటలు. ప్రతి 3 డీబీ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 90కి వచ్చేసరికి వారం మొత్తానికి 4 గంటలే. కూలర్ ఆగినప్పుడు పెట్టిన వాల్యూమ్‌ను గుర్తుంచుకోండి. కూలర్ తిరుగుతున్నప్పుడు దానికన్నా బాగా పైకి పోతున్నారంటే కూలర్‌ను అవతలి గుమ్మానికి జరపడమే మార్గం.

మా చిన్నమ్మ కొడుకు చివరికి ఎం40ఎక్స్ తీసుకున్నాడు. క్లోజ్డ్, 35 ఓమ్‌లు, కేబుల్ ఊడుతుంది, ప్యాడ్లు దొరుకుతాయి, ఫోన్‌కు డాంగిల్ చాలు. వాడి కూలర్ కిటికీ బయట స్టాండు మీద ఉంటుందట, అదీ కలిసొచ్చింది. వారానికి మళ్లీ ఫోన్. “అన్నా, నా పాటలన్నీ ఖరాబైనయ్” అన్నాడు.

ఒక పాట పంపమన్నాను. ఎప్పుడో జమ్మికుంటలో మెమరీ కార్డుకు ఎక్కించుకున్న ఫైలు, 128 కేబీపీఎస్ (ఈ అంకె తగ్గేకొద్దీ పాట నాణ్యత తగ్గుతుంది). తాళాలు మోగిన ప్రతిచోటా నీళ్లు పుక్కిలించినట్టు వస్తోంది. ఇన్నాళ్లూ ఇరవై రూపాయల ఇయర్‌ఫోన్ దాన్ని దాచిపెట్టింది. అదే పాటను స్ట్రీమింగ్ యాప్‌లో ఎక్కువ క్వాలిటీ సెట్టింగులో వినమన్నాను. 256 లేదా 320 ఉంటే చాలు, ఆ పైన లాస్‌లెస్‌కు, అంటే ఏమీ కోసేయని ఫైలుకు, తేడా పట్టడం నాకే కష్టం. యాప్ సెట్టింగుల్లో మొబైల్ డేటాకు, వైఫైకి, డౌన్‌లోడ్‌కు మూడు చోట్ల విడివిడిగా మార్చాలి. వాడు రెండే మార్చాడు. మూడోది ఎక్కడుందో ఫోన్లోనే చూపించేసరికి నా చాయ్ చల్లారిపోయింది.